దసరా పూజలో ఇరుక్కుపోయిన మందల జాబితా

యాభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దినవాణ్ణి. గొర్రెలు కాసేవాళ్లలో సంతకం పెట్టేవాడు దొరికాడని మా పెంపకందారుల సంఘం నన్ను డైరెక్టర్‌ను చేసింది. నెలకోసారి సూర్యాపేట ఆఫీసుకు పోయి కుర్చీలో కూర్చుని రావడమే నా పని.

ఒక ఏడు దసరా మరునాడు మాత్రం నిజంగానే పని పడింది. మునగాల పక్కన మా ఊళ్లో గొర్రెలకు నీలినాలుక రోగం అంటుకుంది. పక్క మందలో అప్పటికే ఆరు పోయాయి. నా నలభై ఇంకా మేత మేస్తున్నాయి. ఎవరి మంద ఎంతో రాసిన జాబితా మధ్యాహ్నంలోగా తెస్తేనే టీకాల బండి మా ఊరికి వస్తుందన్నాడు పశువుల డాక్టరు. లేకపోతే నిడమనూరు పోతుందట.

జాబితా కంప్యూటర్‌లో ఉంది. దాని ముందు కూర్చునే ఆపరేటర్ కోదాడ పిల్ల. ఆమె ఫైలు తెరవబోతే ఇంగ్లీషులో ఏదో అడ్డం పడింది. నాకు వచ్చింది తెలుగక్షరాలే గనుక చదివి చెప్పమన్నాను. ఆ ఫైలును ఇంకెవరో వాడుతున్నారు, తెరవడం కుదరదు అని ఉందట.

"ఎవరు వాడుతున్నరు?"

"అది చెప్పదండి తాతగారూ."

"దొంగను సూసినోడు ఆనవాలు చెప్పాలె గదా. గిదేం సాక్ష్యం?"

ఆమె మిషన్‌ను ఆర్పి వెలిగించింది. మళ్లీ అదే మాట. ఆఫీసులో ఉన్నది మేమిద్దరమే. నేనైతే వాడటం లేదని ప్రమాణం చేశాను. దాన్ని బిగించిన మిర్యాలగూడ మెకానిక్‌కు ఆమె ఫోన్ చేస్తే, వైరుతో కలిపిన రెండో కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిచి ఉంటుంది, అక్కడ మూసేయండి అన్నాడు. రెండోది అధ్యక్షుడి గదిలో ఉంది. నిన్న ఆయుధపూజలో పెట్టారు కాబట్టి అది బంద్‌లోనే ఉందని పిల్ల వాదన.

పోయి చూశాను. పసుపు గుడ్డ కప్పి, బంతిపూల దండ వేసి, నెత్తిన కుంకుమ పెట్టారు. గుడ్డ ఎత్తితే అద్దం నల్లగా ఉంది. కింది పెట్టె మీద చెయ్యి వేస్తే మాత్రం చూడిగొర్రె పొట్టలా వెచ్చగా ఉంది, లోపల గుర్రుమంటోంది. బతికున్నదానికి దండ వేసిపోయారు.

అధ్యక్షుడు అనంతగిరిలో అత్తగారింట్లో ఉన్నాడు. ఫోన్‌లో అసలు సంగతి చెప్పాడు. వెనకట రిజిస్టర్లను తెరిచి అమ్మవారి ముందు పెట్టేవాళ్లం. ఇప్పుడు రిజిస్టర్ కంప్యూటర్‌లోకి పోయింది గనుక ఆయన ఫైలు తెరిచి పూజ చేసి, అద్దం ఒక్కటే ఆర్పి ఊరికి పోయాడు.

"అంటే ఇప్పుడు అమ్మవారు వాడుతున్నదన్నట్టు," అన్నాను.

"మామా, నేనొచ్చి ఉద్వాసన చెప్పేదాక ముట్టుకోకున్రి. ఎల్లుండి వస్త."

"ఎల్లుండిదాక నా గొర్లు ఆగుతయా? నువ్వు రాకుంటే నేనే చెప్త."

వైరు పీకేద్దామంటే పిల్ల ఒప్పుకోలేదు, ఫైలు పాడవుతుందంది. అధ్యక్షుడు వద్దన్నాక మౌస్ ముట్టుకోవడానికీ భయపడింది. ఉద్వాసనకు విగ్రహాన్ని రవ్వంత జరపడం ఎన్నోసార్లు చూశాను. మంత్రం రాదు, వచ్చినట్టు నటించనూ లేదు. దండం పెట్టి, తల్లీ జర మా పని కానియ్యి అని, పెట్టెను వేలెడు ఈశాన్యానికి జరిపాను. అప్పుడు పిల్ల ధైర్యం చేసి అద్దం వెలిగించి, ఫైలు మూసి, తన కంప్యూటర్ దగ్గరికి ఉరికింది. ఫైలు తెరుచుకుంది. జాబితా నా చేతికి వచ్చేసరికి పన్నెండుకు పది నిమిషాలు తక్కువ.

బండి మా ఊరికి వచ్చింది. డాక్టరు మొదటి పేరు చదివి ఆగిపోయాడు. పూజ చేస్తూ అధ్యక్షుడు అన్నిటికన్నా పైవరసలో అమ్మవారి పేరు టైపు కొట్టిపెట్టాడు. పక్కన గొర్రెల సంఖ్య ఖాళీ. ఈమె ఎవరు, మంద ఎక్కడ అని డాక్టరు అడిగాడు. వరస తప్పితే ఆయనకు లెక్క కుదరదట.

"ఆమెకు గొర్లు లేవు సారూ, పులి ఉంది. దానికి సూది ఏస్తనంటే చెప్పు, తోలుకొస్త."

ఆయన నవ్వలేదు. పేరు కొట్టేసి సూది నింపుకున్నాడు.

ఆ ఏటి వానలు తగ్గేలోపు నా మందలో రెండు పోయాయి, ముప్పై ఎనిమిది దక్కాయి. నేను పెట్టె జరిపిన పాపానికే ఆ రెండూ పోయాయని అధ్యక్షుడు అంటూనే ఉంటాడు. ముప్పై ఎనిమిది ఎవరి పుణ్యమని అడిగితే మాట మారుస్తాడు.