వదులు మేకు

ఆల్ఫియస్ గిల్లమ్‌కు డెబ్బై నిండుతున్నాయని చర్చి హాల్లో భోజనాలు పెడుతున్నారు. ఆయన గురించి ఎవరైనా నాలుగు మంచి మాటలు రాసి చదవాలన్నారు. నేను రాస్తానన్నాను. టీ తాగుతున్న ఆడవాళ్ళంతా ఎక్కడి కప్పులు అక్కడే ఆపి నా మొహం చూశారు. చూడరా మరి! ముప్పై మూడేళ్ళుగా మా ఊరు లిటిల్ షాగ్ కోవ్‌లో ఆ మనిషిని నేను తిట్టినన్ని తిట్లు ఇంకెవరూ తిట్టలేదు. మంచి మాటలు నా దగ్గర ఎన్ని ఉన్నాయో నాకే తెలియదు. జరిగింది రాస్తాను.

ముందు చెడ్డవి చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. ఆల్ఫీ నోట తీపి మాట రాదు. పెళ్ళికి పిలిస్తే పెళ్ళికూతురిని చూడడు, చూరు చూస్తాడు. "మీ చూరులోంచి నీళ్ళు దిగుతున్నాయి, చూసుకున్నావా?" అని పెళ్ళికొడుకు తండ్రిని పలకరిస్తాడు. డబ్బా పాలు పొయ్యని టీ ముట్టడు, పోస్తే బాగుందనడు. ఎవరింటికి వెళ్ళినా కూర్చోకముందే కిటికీ పక్కన అరచెయ్యి పెట్టి గాలి వస్తోందేమో చూస్తాడు. వస్తే సంతోషిస్తాడు.

ఆయన పని ఇళ్ళకు సైడింగ్ తొడగడం. మావన్నీ చెక్క ఇళ్ళు. పూర్వం బయటి గోడలకు చెక్క పలకలే ఉండేవి. ఉప్పు గాలికి రంగు రెండేళ్ళు నిలిచేది కాదు. వేసవి వచ్చిందంటే గీకడం, పూయడం, మళ్ళీ గీకడం. తర్వాత ప్లాస్టిక్ పట్టీలు వచ్చాయి. ఒకదాని అంచు ఇంకొకదానికి తగిలిస్తూ కింది నుంచి పైదాకా గోడంతా కప్పేస్తారు. రంగు బాధ లేదు, వాన లోపలికి రాదు, లోపలి వెచ్చదనం బయటికి పోదు. మా తీరంలో ఆ పని మొదట నేర్చుకున్నవాడు ఆల్ఫీ. మా నాన్న అతన్ని పిలిచి మా ఇంటికి తొడగమన్నాడు.

మా నాన్న ఎబెనీజర్ షెపర్డ్ పడవలు కట్టేవాడు. ఎబ్ షెపర్డ్ కట్టిన పడవలో నీళ్ళు తోడే డబ్బా అక్కర్లేదని తీరం పొడవునా అనుకునేవారు. "వదులు మేకు మనిషిని మింగేస్తుంది" అని ఆయన రోజుకు పదిసార్లు అనేవాడు. చిన్నప్పుడు ఆయన పక్కన నిలబడి, గౌను జోలెలా పట్టి అందులోంచి మేకులు అందించేదాన్ని. నలుచదరం తలలు, మందపాటి తుత్తునాగం పూత, చేతులకు అంటే బూడిద రంగు వారందాకా పోయేది కాదు.

ఇంటికి సైడింగ్ తొడిగినప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. పట్నంలో చేపల ఫ్యాక్టరీలో పనిచేస్తూ శనివారం ఇంటికి వచ్చేదాన్ని. ఒక శనివారం వచ్చేసరికి ఇల్లు నాలుగు వైపులా తెల్లగా మెరిసిపోతోంది. అమ్మ నన్ను చేయి పట్టుకుని చుట్టూ తిప్పింది. ఆగస్టు వచ్చింది. సముద్రం వైపున్న పడమటి గోడ ఎండకు ఉబ్బి మెలికలు తిరిగిపోయింది. చూస్తే గోడలా లేదు, తుఫాను ముందు నీళ్ళలా ఉంది. మిగతా మూడు గోడలు గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి. మూడు బాగుండి ఒకటే ఎందుకు పాడైందని అడిగే బుద్ధి నాకు లేకపోయింది. పేరు పెట్టే బుద్ధి మాత్రం ఉంది. "అలల ఆల్ఫీ" అన్నాను. సాయంత్రానికల్లా ఊరంతా అదే పేరు.

ఆ చలికాలం గాలికి ఉబ్బిన పట్టీలు ఒక్కొక్కటే లేచిపోయాయి. రెండు పాస్టరు గారి పెరట్లో దొరికాయి, ఒకటి దొరకనే లేదు. ఊడిన చోటల్లా నేను వచ్చేలోపే నాన్న తారు కాగితం వేసి మూసేసేవాడు. కాగితం వానను ఎన్నాళ్ళు ఆపుతుంది? గోడ తడిసింది, లోపలి చెక్క మెత్తబడింది. ఆ గోడకు ఆనుకునే అమ్మ మంచం. ఎన్ని దుప్పట్లు కప్పినా వణికేది. "చలి గోడలో లేదు సెలీనా, నీ ఒంట్లో ఉంది" అనేవాడు నాన్న. మూడో చలికాలం రొమ్ము పట్టేసి మార్చిలో పోయింది.

సమాధుల దగ్గర అందరి ముందూ ఆల్ఫీ ఎదురుగా నిలబడ్డాను. "నువ్వు కొట్టిన మేకులే మా అమ్మని చంపాయి. ఇంకెప్పుడూ మా గుమ్మం తొక్కకు" అని ఆయన బూట్ల మీద ఉమ్మేశాను. ఆల్ఫీ నన్ను చూడలేదు, నా పక్కనున్న నాన్నని చూశాడు. నాన్న సముద్రం వైపు చూశాడు. పాపం, దుఃఖంలో ఉన్నాడనుకున్నాను.

ఆ తర్వాత ఆల్ఫీని పనికి పిలిచినవాడు లేడు. ఆరేళ్ళు దేశానికి అవతలి కొసనున్న అల్బర్టా వెళ్ళి అక్కడి ఇళ్ళకు గోడలు తొడిగాడు. భార్య ఒంటరిగా ఇక్కడ మంచు తవ్వుకుంది. తిరిగి వచ్చాక పాత సంగతులు తెలియని కుర్రకారు ఒకరొకరే పిలవడం మొదలుపెట్టారు. నేను పిలవలేదు, పలకరించలేదు, ఆయన ఇటు వస్తే నేను అటు పోయాను. నాన్న పోయి పదకొండేళ్ళు. ఆయన సమాధి రాయి మీద నేనే చెక్కించాను: "ఈయన కొట్టిన మేకు ఎన్నడూ వదులు కాలేదు." అప్పట్లో ఆ మాటకు ఎంత పొంగిపోయానో!

పోయిన సెప్టెంబరులో ఇళ్ళలో వేడి ఎంత వృథా అవుతోందో చూడటానికి ప్రభుత్వం వాళ్ళు ఒక పిల్లను పంపారు. గాలి ఎక్కడెక్కడ దూరుతోందో తెలియడానికి ముందు తలుపులో ఇంత ఫ్యాను బిగించి ఇల్లంతా తిరిగింది. అమ్మ గదిలోకి వెళ్ళి వెంటనే బయటికి వచ్చింది.

"పెద్దమ్మగారూ, మీ పడమటి గోడ గోడ కాదు, జల్లెడ. పొయ్యిలో పోసే నూనె సముద్రాన్ని వేడి చేస్తోంది. గోడ బాగుచేయించుకోకపోతే ఈ చలికాలం ఈ ఇంట్లో ఉండకండి."

"ఉండక ఎక్కడికి పోను?"

"పట్నంలో పెద్దవాళ్ళకి గదులున్నాయి కదండీ."

ఆ గదులు నేను చూశాను. కిటికీ తెరిస్తే కార్లు నిలిపే స్థలం. అరవై ఒక్కేళ్ళు సముద్రం చూసిన కళ్ళతో కార్లు చూస్తూ చావాలా? పనివాళ్ళందరికీ ఫోన్లు చేశాను. వసంతం దాకా ఖాళీ లేదన్నారు. మిగిలింది ఒక్కడు.

మా ఊళ్ళో తలుపు తట్టే అలవాటు లేదు. ఎవరింటికైనా నేరుగా వంటింట్లోకి వెళ్ళి కూర్చోవడమే. తట్టేది పోలీసులు, లేదా పగవాళ్ళు. నేను ఆల్ఫీ తలుపు గట్టిగా మూడుసార్లు తట్టాను.

"ఎవరు చచ్చారు?" లోపలి నుంచి అరిచాడు.

"ఇంకా ఎవరూ చావలేదు. నేను, మెల్వీనాని."

"అయితే దారి తప్పావన్నమాట."

రొట్టె మీద బెల్లప్పాకం రాసుకుని తింటున్నాడు. కూర్చోమనలేదు, అన్నా కూర్చునేదాన్ని కాదు.

"నా గోడ పాడుచేసింది నువ్వే. నువ్వే వచ్చి బాగుచెయ్యి."

రొట్టె ముక్క పూర్తిగా నమిలి మింగేదాకా నన్ను చూస్తూనే ఉన్నాడు.

"చేస్తా. కానీ ఒక షరతు. నేను పని చేసినంతసేపూ నువ్వు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోవాలి."

"కూర్చోక! దొంగ చేతికి తాళాలిచ్చి నిద్రపోతానా?"

"సోమవారం" అని ఇంకో ముక్క అందుకున్నాడు.

సోమవారం వచ్చినవాడు పడమటి గోడ వదిలేసి ఉత్తరపు గోడ దగ్గర నిచ్చెన వేశాడు. "కళ్ళు కూడా పోయాయా? పాడైంది ఇది కాదు" అన్నాను. చేతిలోని కొక్కెంతో ఒక పట్టీ అంచు లాగాడు. జిప్పు తీసినట్టు విడివడింది.

"రా. చెయ్యి పెట్టి కదుపు."

కదిపాను. పట్టీ పక్కకు హాయిగా జరిగింది. పొడుగాటి సందులో మేకు ఉంది గానీ, దాని తల పట్టీని తాకడం లేదు. మధ్యలో పది సెంట్ల బిళ్ళ మందమంత ఖాళీ.

"ఇది ఎండకి సాగుద్ది, చలికి ముడుచుకుంటది. మేకుకి వేలాడాలి గానీ బిగుసుకోకూడదు. బిగిస్తే ఎటూ పోలేక ఉబ్బిపోద్ది."

"ఇంత తెలిసినవాడివి, ఆ గోడకెందుకు బిగించావు?"

నిచ్చెన భుజాన వేసుకుని పడమటి వైపు నడిచాడు. అక్కడ కొక్కెం పనిచెయ్యలేదు. గడ్డపలుగు తెచ్చాడు. పెకలిస్తే పట్టీ బిస్కెట్టులా విరిగింది. ఆల్ఫీ పక్కకు జరిగి నిలబడ్డాడు, నాకు కనబడాలని.

కుర్చీలోంచి ఎప్పుడు లేచానో తెలియదు. వరసగా మేకులు. నలుచదరం తలలు, మందపాటి తుత్తునాగం పూత. ఒక్కొక్కటీ తల మునిగేదాకా దిగ్గొట్టి ఉంది. వాటిని నేను గౌనులో మోశాను. పొరపాటు పడే వీలే లేదు.

"ఇవి పడవ మేకులు" అన్నాను.

"అవును."

"నీ దగ్గర పడవ మేకులెందుకున్నాయి?" తెలిసే అడిగాను. అబద్ధమైనా చెబుతాడేమోనని అడిగాను.

"నా దగ్గర ఎప్పుడూ లేవు." పలుగు కింద పెట్టాడు. "మూడు గోడలయ్యాయి. మీ నాన్న వచ్చి పట్టీ మీద చెయ్యేశాడు, కదిలింది. 'ఇది వడ్రంగమా, బట్టలారేయడమా? పో, ఈ గోడ నేను చేసుకుంటా' అన్నాడు. చెప్పి చూశా. ఎబ్ పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు కదా. సామాను సర్దుకుని పోయా. మీ అమ్మ అప్పుడు ఊళ్ళో లేదు, సముద్రం వైపు గోడ ఇంకెవరి కంటా పడలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"మొదటి ఏడాది నలుగురికి చెప్పా. ఎబ్ షెపర్డ్ మేకు తప్పు కొట్టాడంటే కడుపుబ్బ నవ్వారు. నువ్వేనాడైనా అడిగావా? తిట్టావు, పేరు పెట్టావు, ఉమ్మావు. అడిగావా ఒక్కసారి?"

"అడిగితే..."

"అడిగితే నమ్మేదానివా? అందుకే కుర్చీ వేసుకోమన్నా."

సిగ్గు ఆల్ఫీ ముందు వేసింది గానీ, కోపం మాత్రం నాన్న మీద వచ్చింది. తెలియక చేశాడు, సరే, పడవల మనిషి. ఆగస్టులో గోడ ఉబ్బగానే తెలిసిందిగా! తెలిసే తారు కాగితం అతికించాడు. తెలిసే అమ్మతో చలి నీ ఒంట్లో ఉందన్నాడు. నేను ఇంకొకడి బూట్ల మీద ఉమ్ముతుంటే తెలిసే సముద్రం చూశాడు. తన మేకు తప్పని ఒక్క మాట అని, గోడ విప్పి మళ్ళీ వేయించి ఉంటే అమ్మ బతికేది. ఆ ఒక్క మాట కన్నా అమ్మ చౌకైపోయింది ఆయనకు. ఆ రోజు ఆ గోడ ముందు నిలబడి మా నాన్నని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆల్ఫీ మేకులు పీకుతూనే ఉన్నాడు.

తొమ్మిది రోజులు పట్టింది. పుచ్చిన చెక్క తీసి కొత్తది వేశాడు. దాని మీద గాలి ఆపే కాగితం, వేడి ఆపే నురుగు పలకలు, ఆపైన పట్టీలు. నేను కుర్చీ లోపల పెట్టేసి రెండో కొస పట్టుకున్నాను. ఒకచోట మేకు నేనే కొట్టాను. ఆల్ఫీ పట్టీ కదిపి చూశాడు, కదల్లేదు.

"ఎబ్ కూతురివి అనిపించుకున్నావు. పీకి మళ్ళీ కొట్టు."

"నీ నోట్లో పురుగులు పడ!"

"పడనీ. ముందు మేకు పీకు."

నవంబరులో మొదటి తుఫాను వచ్చింది. గాలికి కొత్త పట్టీలు టకటకమన్నాయి, ఒక్కటీ ఊడలేదు. అమ్మ మంచం మీద ఒకటే దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. గోడకు చెయ్యి ఆనిస్తే వెచ్చగా ఉంది. ఈ వెచ్చదనానికి ముప్పై ఏళ్ళు ఆలస్యమైందని ఏడుపొచ్చింది.

ఆదివారం సమాధుల దగ్గరికి వెళ్ళాను. అమ్మకే పూలు పెట్టాను. నాన్న రాయి మీది అక్షరాలు చదివేసరికి ఒళ్ళు మండిపోయింది. చర్చికి పోయే దారి దాని పక్క నుంచే. ఆల్ఫీ పదకొండేళ్ళుగా ప్రతి వారం అది చదువుకుంటూ పోయాడన్నమాట.

అక్కడి నుంచి నేరుగా ఆయన ఇంటికి వెళ్ళాను. తలుపు తట్టలేదు. తోసుకుని వంటింట్లోకి వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆల్ఫీ తలుపు వైపు ఒకసారి చూసి, లేచి ఇంకో కప్పు తీశాడు.

"రాయి చెక్కేవాణ్ణి పిలిపిస్తున్నాను. ఆ మాట చెరిపించేస్తాను" అన్నాను.

టీ పోశాడు, డబ్బా పాలు పోశాడు, కప్పు నా ముందుకు తోశాడు.

"ఎందుకు? ఉంచు. అందులో అబద్ధమేముంది?"