తిన్నాక వేసుకోవాల్సిన మాత్ర

నా చిన్నప్పుడు బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మా నాయనమ్మకి ఎదురు చెప్పే మొనగాడు లేడు. ఆయాసం మనిషి. ఏళ్ల తరబడి పొద్దున్నే టిఫిన్ తిన్నాక ఒక చిన్న తెల్ల మాత్ర వేసుకునేది. దానివల్లే మొహం గుండ్రంగా ఉబ్బిపోయిందని ఆవిడకి మహా కడుపుమంట.

ఆ ఏడు కార్తీకంలో నత్తాలు పట్టింది. పగలంతా పస్తు, చుక్క పొడిచాకే భోజనం. డాక్టరు పొద్దున్న తిన్నాక వేసుకోమన్నాడు, పొద్దున్న తినడమే లేదు కాబట్టి మాత్ర కూడా మానేసింది. ఎవరికీ చెప్పలేదు. ఆయాసం రాలేదు సరికదా మొహం వాపు తీసింది. అంతా నత్తాల మహిమేనని మా లైన్లో ఆడవాళ్లు మురిసిపోయారు. నేనూ మురిశాను, తెలివితక్కువదాన్ని!

ఆ తర్వాత ఆవిడ అరవడం మానేసింది. పాలవాడితో పేచీ లేదు, నాకు తిట్లు లేవు. ఎండలో చాప మీద పడుకుని, లేచేటప్పుడు గోడ పట్టుకునేది. రాత్రి నాలుగు ముద్దలు తింటే వాంతి. "ఉపాసం కదే, నీరసం ఉండదేటి?" అనేది. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉంటే నాకు భయమేసేది. ఎందుకో చెప్పడం చేతకాలేదు.

ఒక మధ్యాహ్నం చాప మీంచి లేవబోయి కూలబడిపోయింది. చేతులు చల్లగా, చెమటతో తడిసి ఉన్నాయి. నా కేకకి పక్కింటి అక్క పరిగెత్తుకొచ్చింది. తను ఆస్పత్రిలో నర్సు. నాడి చూసి, "మామ్మ మాత్రలేవే?" అంది. తెచ్చిచ్చాను. సీసా నిండుగా ఉండడం చూసి అక్క మొహం పాలిపోయింది.

నాన్న డ్యూటీలో ఉన్న రైల్వే షెడ్డు నుంచి వచ్చేసరికి ఆస్పత్రిలో ఇంజెక్షను చేసి సెలైను ఎక్కిస్తున్నారు. వరండాలో ఏడుస్తున్న నన్ను అక్క పక్కన కూర్చోబెట్టుకుంది.

"బదులుకి రిలీవరు రాకుండా మీ నాన్న డ్యూటీ దిగిపోతారేటి? మూత్రపిండాల మీద చిన్న గ్రంథులుంటాయి. వాటి హార్మోనే బీపీనీ ఒంట్లో చక్కెరనీ పడిపోకుండా చూస్తాది. ఇన్నేళ్లూ ఆ డ్యూటీ మాత్ర చేసింది, గ్రంథులు నిద్దరోయాయి. అవి లేవకముందే మామ్మ మాత్ర ఆపేసింది. డాక్టరు కొంచెం కొంచెం తగ్గించాలి గానీ ఇలా ఒక్కసారి ఆపకూడదే. ఇప్పుడు లోపల ఎవరూ లేరు."

ఆ ఆఖరి మాట విని నేను లేచెళ్లి వార్డు గుమ్మంలో నిలబడ్డాను.

మర్నాడు నాయనమ్మ కళ్లు తెరిచి, "నా నత్తం చెడగొట్టీసినార్రా?" అని గొణిగింది. ఆ తిట్టు విని నాన్న భోరున ఏడ్చేశారు.

ఇప్పుడు నేనే నాయనమ్మని. ఇంట్లో ఎవరైనా ఉపవాసమన్నా, నీరసమన్నా, "ఏ మందు ఆపేశావు?" అని ముందు అడుగుతాను. "అచ్ఛా దాదీ, బస్!" అని, ఇక చాలించమంటూ మనవలు నవ్వుతారు. నవ్వుకోనీ. జవాబు చెప్పేదాకా నేను గుమ్మంలోంచి కదలను.