నోరు తెరవని పెళ్ళికొడుకు

ఒక గాడిదకు మొగుణ్ణి కాబోయి త్రుటిలో తప్పించుకున్నవాణ్ణి నేను. నవ్వకండి. ఇందులో గాడిద తప్పేమీ లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను బొమ్మల కాలేజీలో చేరాను. ఎక్కడో ఒక కళాకారుడు కదలకుండా నిలబడి "నన్నేమైనా చేసుకోండి" అంటే జనం రక్తం కళ్ళజూశారని సీనియర్లు చెప్పారు. వేసవికి మా ఊరు యాడికి వచ్చి, నేనూ అలాగే సంతలో నిలబడి మనుషులంతా క్రూరులని నిరూపిస్తానన్నాను. తాడిపత్రిలో నాపరాళ్ళు పాలిష్ పట్టే మా నాయన ఒక్కటే షరతు పెట్టాడు. పొద్దు గూకేలోపు నోరు తెరిస్తే కాలేజీ మానేసి తనతోపాటు మిషన్ దగ్గరికి రావాలి.

సంతరోజు మెడలో అట్ట వేలాడదీసుకున్నాను: "నన్ను ఏమైనా చేయండి. మాట్లాడను." ముందు బల్లమీద సూది, కత్తెర, కారంపొడి, బెత్తం. కళకోసం రక్తం ధారపోయడానికి సిద్ధమే గానీ, కారంపొడిని మాత్రం బల్ల చివరికి జరిపాను.

బొరుగులమ్మే రామక్కవ్వ వచ్చి సూది తీసుకుంది. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఆమె నా చొక్కాకు ఊడిన గుండీ కుట్టి వెళ్ళిపోయింది. కత్తెరతో ఒకాయన ఉల్లిగడ్డల మూట తాడు కోసుకున్నాడు. కారంపొడి బజ్జీల బండికి పోయింది. నామీదికి వచ్చిన మేకను బెత్తంతో తోలారు. ఇంత అవమానం పగవాడికైనా వద్దు!

మధ్యాహ్నానికి తల తిరుగుతోంది. నీళ్ళిచ్చినా నోరు తెరవలేదు. అంతలో మేళం వినబడింది. మూడేళ్ళుగా వానల్లేక ఊరివాళ్ళు ఆ రోజు గాడిదల పెళ్ళి పెట్టుకున్నారు. పసుపు పూసిన ఆడగాడిదను తోలుకొస్తున్నది మా నాయనే.

"మొగ గాడిద పారిపోయినాదప్పా," అన్నాడు జనంతో, నావైపు చూడకుండా. "ముహూర్తం దాటిపోతాండాది. ఈడొకటి ఉలకకుండా నిలబడుకోని ఉండాది. ఏమన్నా చేయమని రాసుకోని గూడా ఉండాది."

రామక్కవ్వ నా నుదుటికి బాసికం కట్టింది. అక్షింతలు పంచారు. నా పిడికిట్లో తాళి పెట్టారు. పెళ్ళికూతురు నా చెవి వాసన చూసింది.

"నేను మనిషిని నాయనా!" అని గావుకేక పెట్టాను.

మేళం ఆగింది. అవ్వ నా నోటికి చెంబు అందించింది. "ముందు తాగు. ఎండకు పడిపోతావని మీ నాయన ఇంతసేపూ ఆ గోడచాటున అల్లాడిపోయినాడు. నీ నోరు తెరిపిచ్చేదానికే నిన్ను పెండ్లికొడుకును చేసినాడు."

ఆ గోడ వెనకే అసలు పెళ్ళికొడుకు తీరిగ్గా గడ్డి మేస్తున్నాడు. వాణ్ణి చూస్తే ప్రాణం లేచొచ్చింది.

షరతు సంగతేమిటని నాయనను భయంగా అడిగాను.

"కాలేజీకే పో," అన్నాడు. "మిషన్ కాడ ఇట్లా ఉలకకుండా నిలబడితే సెయ్యి తెగుతాది."

గాడిదకేం తెలుసు గంధపుచెక్క వాసన అంటారు. మా ఊరి మనసు నాకూ అంతే తెలిసింది. అందుకే ఆ బాసికం మీద ఒట్టు పెట్టుకున్నాను: మనుషుల క్రూరత్వాన్ని ఈ జన్మలో మళ్ళీ పరీక్షించను, ఎవరు నీళ్ళిచ్చినా వెంటనే నోరు తెరుస్తాను.