మాచర్లకు వచ్చిన రెండు కార్లు, నేను పెట్టిన పసుపు

ఈ కబురు నాకు మొదట చెప్పింది మా ఎదురింటి రత్తమ్మక్క. సోమవారం పొద్దున పాలు పోయడానికి వచ్చి, "ఏమే అనసూయా, మా శిరీష మాచర్లకి రెండు కొత్త కార్లు తెస్తందంట. గుంటూరోళ్లు కూడా ఇంకా సరిగ్గా చూడలేదంట" అంది.

శిరీష ఆమె కూతురు. గుంటూరులో ఖరీదైన కార్లు అమ్మే ఒక షోరూములో ఐదు నెలల కిందట చేరింది. ఆరు నెలలు పని చూసి, ఉంచుకునేదీ లేనిదీ చెబుతామన్నారట. ఇంతవరకూ ఆ పిల్ల చేతి మీదుగా ఒక్క కారూ పోలేదు. బుధవారం ఒక్క రోజు ఆ రెండు కార్లనీ మాచర్లలో చూపిస్తారు. సాయంత్రానికి ఒక్కరన్నా బుకింగు ఫారం మీద సంతకం పెడితే ఆ పిల్లకి ఆశ ఉంటుంది. లేకపోతే నెలాఖరుకి ఇంటికి వచ్చేయడమే.

రత్తమ్మక్క తనే వెళ్లాలనుకుంది గానీ, గేదె ఈనే రోజులు. "నువ్వు పోయి రావే. పిల్లకి తోడుగా ఉంటావు. బళ్లకి పసుపు కుంకుమ పెట్టి, కాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించు. మా పిల్ల పేరు చెప్పు" అని గుడ్డ సంచీ ఒకటి నా చేతికిచ్చింది. కాదనడానికి నాకు మనసు రాలేదు. కార్లు చూడాలన్న సరదా నాకూ ఉందని ఒప్పుకోవాలి.

బుధవారం తెల్లవారుజామున కార్తీక దీపం పెట్టుకుని, ఐదుంబావుకి రొంపిచెర్లలో బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి టికెట్టు సున్నా కొట్టి ఇస్తున్నారు. ఆ చీటీ పారేయకండి, చెకింగు వాళ్లు ఎక్కితే అడుగుతారు. ఆరింటికి నరసరావుపేట. బస్టాండు పక్కన అప్పుడే ఇడ్లీలు దించుతున్నారు, అల్లప్పచ్చడితో తిన్నాను. కోటప్పకొండ వైపు తిరిగి స్వామికి దణ్ణం పెట్టుకుని, ఆరున్నరకి పిడుగురాళ్ల బస్సెక్కాను. నరసరావుపేట నుంచి మాచర్లకి నేరుగా బస్సులున్నాయి, తొందర పని ఉన్నవాళ్లు అవే ఎక్కండి. నాకు రైలంటే ఇష్టం కాబట్టి ఇలా చుట్టు తిరిగాను.

గుంటూరు నుంచి వచ్చే పాసింజరు పిడుగురాళ్లకి ఎనిమిదింబావుకి వచ్చింది. టికెట్టు ధర ఇడ్లీల కంటే తక్కువే. కిటికీ పక్కన చోటు దొరికింది. నడికుడి దాటాక రెండు పక్కలా పత్తి చేలు, మధ్యమధ్య మిరప తోటలు. ఇంత వెలుతురులో ఇంత పంటని ఊరికే చూడనిచ్చినందుకు దేవుడికి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే అనిపించింది.

నా ఎదురుగా రెంటచింతల ఆవిడ జామకాయల గంపతో కూర్చుంది.

"ఏడికి పోతన్నావు వదినా?"

"మాచర్లకి. కొత్త కార్లు వచ్చాయి, చూడటానికి."

"కొంటావా?"

"లేదు, చూడటానికే."

"కారు చూడను రైలెక్కి పోతన్నావా. చానా ఓపిక తల్లీ నీకు" అని ఒక దోరకాయ నా చేతిలో పెట్టి, డబ్బులిస్తే తీసుకోలేదు. "వచ్చేటప్పుడు కారులో వస్తావుగా, అప్పుడు ఎక్కించుకుందువులే" అంది. పెట్టె అంతా నవ్వింది.

తొమ్మిదీ నలభైకి మాచర్ల. స్టేషను బయట షేర్ ఆటో ఎక్కితే సాగర్ రోడ్డులో ఒక కల్యాణ మండపం ముందు దించాడు. ఖాళీ జాగాలో షామియానా, దాని కింద రెండు కార్లు. శిరీష నన్ను చూసి పరుగెత్తుకొచ్చి, "పిన్నీ, నువ్వొచ్చావా" అని చేయి పట్టుకుంది.

కార్ల గురించి చెబుతాను. నేను బడి మెట్లెక్కిన దాన్ని కాను. మా నాన్న ఇంట్లోనే తెలుగు, లెక్కలు నేర్పాడు. ఇంగ్లీషు కాగితం కూడబలుక్కుంటాను. వాళ్లిచ్చిన రంగుల కాగితం పక్కన పెట్టి, కళ్లకి కనపడిందే రాస్తున్నాను. రెండు కార్లూ ఒకే కంపెనీవి, ఇంజను ఒకటే, ముందు నుంచి చూస్తే ముఖమూ ఒకటే. ఎర్రది కూపే, అంటే రెండే తలుపులు. తెల్లది సెడాన్, నాలుగు తలుపులు, వెనక డిక్కీ. నేను ఖరీదైన కారంటే పెళ్లి బస్సంత ఉంటుందనుకున్నాను. ఇవి చిన్నవి, నేలకి దగ్గరగా ఉన్నాయి. ఎర్రదాని తలుపు మాత్రం మా ఇంటి దొడ్డి గుమ్మమంత పొడుగు. తెరిస్తే అద్దం చుట్టూ చట్రం లేదు, ఉత్త అద్దమే నిలబడి ఉంది. లోపల కొత్త తోలు వాసన. కుట్లు ఎంత సన్నగా వేశారంటే, జాకెట్లు కుట్టే నాకు అసూయ కలిగింది.

జనం రాకముందే రత్తమ్మక్క చెప్పిన పని కానిద్దామనుకున్నాను. శిరీష ఫోనులో ఎవరితోనో మాట్లాడుతోంది. కార్లని లారీలో తెచ్చిన డ్రైవరు మస్తాన్ గారిని అడిగితే, "కొట్టండమ్మా, మంచిదేగా" అన్నారు. రెండు కార్ల ముందు భాగం మీదా పసుపుతో స్వస్తిక వేసి, కుంకుమ బొట్లు పెట్టాను. శిరీష పేరు, వాళ్ల గోత్రం చెప్పుకుని కాయ కొట్టాను. మస్తాన్ గారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి రెండు బళ్లనీ ఒక అడుగు ముందుకు నడిపారు. ఫోను పెట్టి వచ్చిన శిరీష, అమ్మ పంపిందని చెబితే కళ్లకద్దుకుంది. నా మనసు నిండిపోయింది.

పదిన్నర నుంచి జనం వచ్చారు. వచ్చారు గానీ, ఒక్కరూ దగ్గరికి రాలేదు. దూరంగా నిలబడి ఫోటోలు తీసుకోవడం, ఏదో అనుకోవడం, వెళ్లిపోవడం. శిరీష ఎదురెళ్లి, "కూర్చుని చూడండి సార్" అంటే, "ఎందుకులేమ్మా" అని తప్పుకుంటున్నారు. పన్నెండయింది. గురజాల దగ్గరి పల్లె నుంచి సాంబయ్య గారని ఒక మిరప రైతు తల్లిని వెంటబెట్టుకుని వచ్చారు. శిరీష పది రోజుల నుంచి ఫోనులో బతిమాలుకుంటున్నది ఆయన్నే. ఆయన కూడా ఎర్రకారు వైపు ఆశగా ఒక చూపు చూసి, "అయిపోయిందిగా" అని వెనక్కి తిరిగారు.

శిరీష ముఖం చూడలేక నేను పక్కన టీ కొట్టుకి వెళ్లాను. అక్కడ టీ పోసే పెద్దాయన అంటున్నాడు, "పూజ చేసిన బండిని మళ్లీ చూపించటం ఏంది? ఎవురో బయానా ఇచ్చేసుంటారు. ఒకరి పేరున కాయ కొట్టినాక ఇంకొకరు ఎట్టా ఎక్కుతారు?"

టీ తాగకుండానే గ్లాసు పక్కన పెట్టేశాను. మా వైపు బండి కొన్నవాడే పూజ చేయిస్తాడు. బొట్టు పడిందంటే ఆ బండికి యజమాని ఉన్నాడనే అర్థం. పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతే. అయినా ఆ పొద్దున నాకు తట్టలేదు.

వెళ్లి శిరీషకి చెప్పేశాను. ఇంతలో గుంటూరు నుంచి మేనేజరు ఫోను. అమ్మకానికి పెట్టిన బళ్ల మీద పసుపేమిటని ఎవరో పంపిన ఫోటో చూసి అరుస్తున్నాడు, నాకూ వినపడుతోంది. "నేనే పెట్టాను సార్" అంది శిరీష. ఫోను నాకిమ్మని చేయి చాపితే తల అడ్డంగా ఊపింది. ఫోను పెట్టేశాక, "బయటివాళ్లని బండి ముట్టుకోనిచ్చానంటే ఇంకా పెద్ద తప్పు పిన్నీ. అయినా అది మా అమ్మ పంపిన పసుపు. నాది కాదని ఎట్టా అంటాను" అంది.

తడిగుడ్డ తీసుకుని పసుపు నేనే తుడిచాను. పెట్టిన చేతులతో తుడవడం కష్టంగానే ఉంది. స్వామీ, నా తొందరపాటు నాది, ఈ పిల్ల మీద వేయకు అనుకుంటూ తుడిచాను. తెల్లకారు మీద లేత పచ్చ మరక కాస్త మిగిలిపోయింది.

సాంబయ్య గారూ, వాళ్లమ్మ ఆదెమ్మ గారూ రోడ్డవతల మెస్సులో భోంచేస్తున్నారని మస్తాన్ గారు చెప్పారు. ఒంటిగంటకి అక్కడికి వెళ్లాను. (గోంగూర పప్పు, పెరుగు బాగుంటాయి. ఆ దారిన వెళ్లేవాళ్లు అక్కడ నిశ్చింతగా తినొచ్చు.) వాళ్ల ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. కార్లు ఎవరూ కొనలేదనీ, పూజ చేసింది నేననీ, తల్లి కోరితే ఆ అమ్మాయి పేరు చెప్పి చేశాననీ.

ఆదెమ్మ గారికి డెబ్బై దాటి ఉంటాయి. మజ్జిగన్నం కలుపుతూ విన్నది. "గోత్రం కూడా చెప్పినావా?"

"చెప్పానండి."

"అయితే రెండు కార్లూ ఆ పిల్లవే అయిపోయినాయి. ఆ పిల్ల ఒప్పుకుంటేనే మా సాంబడు ఎక్కాల."

కొడుకు నవ్వాపుకోలేక నీళ్లు తాగారు.

భోజనాలయ్యాక ఇద్దరూ నాతో కార్ల దగ్గరికి వచ్చారు. ముందు ఎర్రకారు. సాంబయ్య గారు తొడ మీద చేయి ఆనించుకుని ఎక్కబోతుంటే, "ఒరేయ్, ముందు నీ పొట్టని పోనీ, ఆనక నువ్వు పోదువు గాని" అంది తల్లి. వెనక కూర్చోవాలంటే ముందు సీటు వంచి, ఆ సందులో దూరాలి. ఆదెమ్మ గారు రానంది. ఎట్లా ఉంటుందో చూద్దామని నేను దూరాను. చీర కుచ్చిళ్లు సీటు బెల్టుకి చిక్కుకున్నాయి, తల పైకప్పుకి తగిలింది. కానీ కారు కదిలాక ఆ ఇబ్బంది మరిచిపోయాను. సాంబయ్య గారు కాలు కాస్త నొక్కగానే వీపు సీటుకి అతుక్కుంది. మలుపులో ఒళ్లు తూలలేదు. రోడ్డు మీది ప్రతి గతుకూ మాత్రం నడుముకి తెలిసింది. సాంబయ్య గారు నవ్వుతూనే ఉన్నారు. మా పెద్దబ్బాయి మొదటిసారి సైకిలు తొక్కినప్పుడు అలాగే నవ్వాడు.

రెండు గంటలకి తెల్లకారులో ఎత్తిపోతల దాకా వెళ్లాం. ఈసారి ఆదెమ్మ గారు, నేను వెనక. మోకాళ్ల నొప్పుల మనిషి, అయినా తలుపు తెరిచి పక్కకి ఒరిగి, కాళ్లు ఒకదాని వెనక ఒకటి లోపల పెట్టుకుంది. సీటు చిల్లుల్లోంచి చల్లగాలి వస్తోంది. "ఏందే ఇది, కుర్చీ ఊదతంది" అంది నాతో. కారు లోపల మాటలు మెల్లగా అనుకున్నా వినపడుతున్నాయి. అదే గతుకుల రోడ్డు, కానీ ఇందులో కుదుపు సగమే. స్పీడు బ్రేకరు ఒకటి కారు అడుగుకి రాచుకుంది, అది కూడా చెప్పడం ధర్మం. డిక్కీలో రెండు సూట్‌కేసులు పడతాయి, మిరపకాయల బస్తా, మేం టిక్కీ అంటాం, అది పట్టదు.

ఎత్తిపోతల దగ్గర నీళ్లు బాగా ఉన్నాయి. ఆదెమ్మ గారు కమ్మీ పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత శిరీష వైపు తిరిగి, "అమ్మటమేనా, నడపటం కూడా వచ్చా?" అంది.

"వచ్చు నాయనమ్మా."

"అయితే తిరిగి పొయ్యేటప్పుడు నువ్వు నడుపు."

శిరీష నడిపింది. అద్దంలో నాకు దాని కళ్లు కనపడుతున్నాయి. ఆ పిల్ల ఫారం మాటే ఎత్తలేదు. మాచర్ల పొలిమేరలో ఆదెమ్మ గారే అంది, "ఒరేయ్ సాంబా, ఆ ఎర్రది నీకు పాతికేళ్లప్పుడు రావాల్సింది. అప్పుడు మనకి ఎడ్లే ఉండె. నాలుగు తలుపులది రాయించు, కోడలు కూడా కూర్చోవాలిగా."

సాంబయ్య గారు కిటికీలోంచి కాసేపు బయటికి చూసి, "సరేనమ్మా" అన్నారు.

ఇవి చూపించే బళ్లేననీ, వాళ్లకి వేరే కొత్తది వస్తుందనీ శిరీష వివరంగా చెప్పింది. "మంచిది. దానికి మా పేరున కాయ కొట్టుకుంటాం. ఈ పూజ నీకే ఉండనీ" అంది ఆదెమ్మ గారు. మూడుంబావుకి సంతకం అయింది. అడ్వాన్సు మాత్రం శుక్రవారం, మంచి ఘడియ చూసి పంపుతామన్నారు.

మూడూ నలభైకి నరసరావుపేట బస్సు దొరికింది. గురజాల దాటేసరికి ఎండ మెత్తబడింది. నా పక్కన బళ్లారి నుంచి వస్తున్న మేస్త్రీ ఒకాయన, కార్లు ఎట్లా ఉన్నాయని అడిగారు. ఆయనకి చెప్పిందే మీకూ చెబుతాను. ఒంటరిగా, సరదాగా రోడ్డు మీద పోవాలనుకునే వాళ్లకి ఎర్రది. ఇంట్లో మనుషులున్న వాళ్లకి తెల్లది. కొనే స్తోమత లేని నాలాంటి వాళ్లు కూడా వెళ్లి కూర్చుని చూడండి, ఎవరూ ఏమీ అనరు. నేను ఆ సీట్లో కూర్చున్నంతసేపూ నన్నెవరూ తక్కువగా చూడలేదు. నా పొరపాటు అక్కడే దిద్దుకునే అవకాశం కూడా దొరికింది. ఒక రోజుకి అంతకంటే ఏం కావాలి.

ఇది గురువారం రాస్తున్నాను. అడ్వాన్సు చేరేదాకా ఆ సంతకం లెక్కలోకి రాదని మేనేజరు అన్నాడట. పసుపు సంగతి కూడా కాగితం మీద రాసి ఇమ్మన్నాడట. ఆ కాగితంలో కూడా శిరీష తన పేరే రాసింది. మీరు ఇది చదివేసరికి శుక్రవారం ఎప్పుడో దాటిపోయి ఉంటుంది, ఏదో ఒకటి తేలిపోయి ఉంటుంది. అయినా దీపం పెట్టేటప్పుడు మీ పిల్లల పేర్ల తర్వాత శిరీష పేరు ఒకసారి తలుచుకోండి. నా తప్పు తన మీద వేసుకుని, నాతో ఒక్క గట్టి మాట కూడా అనకుండా బస్సెక్కించిన పిల్ల.