టేపు విప్పని మిషన్

ఈ సంగతి అప్పట్లో రాయలేకపోయాను. నాకప్పటికి అక్షరాలు రావు. హోటల్‌వాళ్లు ఆ పనికి నన్ను ఏరుకున్నదీ అందుకే.

2011 వానాకాలంలో, శంషాబాద్ విమానాశ్రయం దారిలోని ఒక హోటల్‌లో గదులు సర్దే పని నుంచి నన్ను రికార్డు గదికి మార్చారు. వ్యక్తిగత వివరాలను కాపాడాలని ఆ ఏడాది కొత్త నియమాలు వచ్చాయి. బస చేసినవాళ్ల గుర్తింపు కార్డుల జిరాక్సులు, సిబ్బంది ఫారాలు వాటి కిందికి వస్తాయన్నారు. నగరం నుంచి వచ్చిన సలహాదారు పనిని మూడు దశలు చేశాడు. మొదటి దశలో గోడకు ఇంగ్లీషు నోటీసు అంటించారు. దాన్ని రోజూ శ్రద్ధగా చూసింది దుమ్ము దులిపే నేనొక్కదాన్నే. రెండో దశలో మా ఫొటోలు అంటించిన సమ్మతి పత్రాలు తీసుకున్నారు. మా వివరాలు భద్రంగా ఉంచుతామని అందులో ఉందట, వేలిముద్ర వేశాను. మూడో దశలో పాత కాగితాలను మిషన్‌లో ముక్కలు చేయాలి.

రికార్డు గది తాళంచెవి ఎవరికివ్వాలని చర్చ వచ్చింది.

"యాదమ్మకివ్వండి. కాగితం తలకిందులుగా పట్టుకున్నా ఆమెకు తేడా తెలీదు. ఇంతకన్నా భద్రత ఏముంటుంది?" అన్నాడు మేనేజర్ నన్ను చూపిస్తూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మిషన్ డబ్బాలో వచ్చింది. ఆ రోజే మేనేజర్ రికార్డు గది రిజిస్టర్‌లో నా వేలిముద్ర తీసుకున్నాడు. మర్నాడు కాగితాల కట్టలన్నీ ఆటోలో ఎక్కించాడు. హెడ్డాఫీసుకు పోతున్నాయన్నాడు.

రెండు రోజుల తర్వాత గేటు ముందు బండి దగ్గర మిర్చి బజ్జీలు కొన్నాను. పొట్లం మీద నూనె మరకల్లో నా ముఖమే ఉంది. నేను వేలిముద్ర వేసిన సమ్మతి పత్రం అది.

"ఏందక్కా, ఫొటోల గూడ గట్లనే గుర్రుగ చూస్తున్నవ్?" అన్నాడు బండతను.

ఆ కాగితం తీసుకుని మేనేజర్ దగ్గరికి వెళ్లాను. తాళంచెవి నీ దగ్గరే ఉంది కాబట్టి నువ్వే చిత్తుకు అమ్ముకున్నావు, రేపటి నుంచి పనికి రావద్దు అన్నాడు. రిసెప్షన్‌లో ఉండే రెహానాతో రిజిస్టర్ చదివించాను.

"అక్కా, కాగితాలన్నీ నువ్వే మిషన్ల కోసినవని రాసుంది. కింద నీ వేలుముద్ర. జర చూస్కోవద్దా?"

"చూసిన్నే. చూస్తే ఏం తెలుస్తది నాకు?"

మూడో దశ పూర్తయిందని రాసుకోవడానికి సలహాదారు ఆ సాయంత్రమే వచ్చాడు. మిషన్ డబ్బాను ట్రాలీ మీద తోసుకెళ్లి ఆయన ముందు నిలబెట్టాను.

"సారూ, నేను కాగితాలు అమ్ముకున్ననని ఈ సారు అంటున్నడు. నేనే మిషన్ల కోసిన్నని రిజిస్టర్ల రాసిండు. రెండూ ఎట్లయితయి? డబ్బాకు టేపన్న ఇప్పలే."

సలహాదారు టేపును వేలితో తడిమి చూశాడు. మేనేజర్ ఫ్యాను వంక చూశాడు. నా కొలువు నిలిచింది. మేనేజర్ కొలువూ నిలిచింది. మూడో దశ పూర్తయిందనీ, సిబ్బందికి శిక్షణ అవసరమనీ సలహాదారు నివేదిక రాశాడు.

చదవలేని మనిషి చేతిలో పెట్టినంత మాత్రాన కాగితం భద్రంగా ఉండదు. తప్పును ఆ మనిషి మీదికి నెట్టడం మాత్రం సులువవుతుంది. నేను నేర్చుకున్నది ఇంతే.

మర్నాడు పొద్దున రిజిస్టర్ నా ముందుకు వచ్చింది. ఇంకు ప్యాడ్ మూత మూసి, రెహానాను పిలిచి, పైన రాసిందంతా గట్టిగా చదవమన్నాను. ఆ తర్వాత నా పేరులోని మొదటి అక్షరాన్ని అదే పేజీ అంచున రాయించుకుని, దాని కింద నాలుగుసార్లు దిద్దాను.