అరవై తొమ్మిదా, తొంభై ఒకటా

మొన్న ఆదివారం మంచిర్యాలలో మా ఇంట్లో కూర్చుని బియ్యం ఏరుకుంటుంటే, మా అమ్మాయి ఫోన్లో ఎవరో ఇద్దరు నడివయసు మగవాళ్లు గొంతు చించుకుంటున్నారు. ఏమిటే ఆ గోల అంటే, రాక్ మ్యూజిక్ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఏ సంవత్సరమని కొట్లాడుకుంటున్నారట. "నీకు తెల్వదులే మమ్మీ, అవి ఇంగ్లిష్ పాటలు," అంది. నాకు తిక్క లేచింది. ఆ కొట్లాట పదేళ్లపాటు గోదావరిఖనిలో, బొగ్గుగనుల కంపెనీ ఇచ్చిన మా రెండు గదుల క్వార్టర్లో నడిచింది తల్లీ. చివరికి తీర్పు చెప్పిన జడ్జిని నేనే. ఆ సంగతి దానికి చెప్పలేదు, ఎందుకంటే ఆ తీర్పు తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గే.

కొట్లాడుకునేది మా అన్న, మా మేనమామ. మామ కంపెనీ ఆఫీసులో గుమాస్తా, ఆదివారం చర్చిలో గిటార్ వాయించేవాడు. చిన్నప్పుడు మిషన్ హాస్టల్ వార్డెన్ వినిపించిన పాటలు బుర్రకెక్కి మళ్లీ దిగలేదు. ఆయన లెక్కలో అరవై తొమ్మిదే గొప్ప ఏడు. ఆ ఏడు అమెరికాలో లక్షల మంది వానలో, బురదలో మూడు రోజులు కూర్చుని పాటలు విన్నారని, తానే గొడుగు పట్టుకుని వెళ్లొచ్చినట్టు చెప్పేవాడు. అన్నకు గిటార్ నేర్పింది ఆయనే. గురువును మించిన శిష్యుడైపోయి, తొంభై ఒకటి ముందు మీ పాటలెంత, మీరెంత అనేవాడు అన్న. ఆ ఏడు వచ్చిన, చిరిగిన స్వెటర్లేసుకుని గుండె పగిలేలా అరిచే కుర్రాళ్ల పాటలు వాడివి. చర్చి అయ్యాక కోడికూర తింటూ మొదలుపెడితే, మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం బాంబులు పేల్చేదాకా సాగేది. బాంబు పేలితే గోడలు అదిరి సీడీ ఎగిరి దూకేది. దూకింది మామ పాటైతే అన్నకు పండగ. ఒకసారి మంచంలో పడుకున్న నాయినకు విసుగొచ్చింది. "అరవై తొమ్మిదిల మేం తెలంగాణ కోసం లాఠీ దెబ్బలు తింటిమిరా! ఏం పాటలు, ఏం కత?" అన్నాడు. మామ వెంటనే, "అగో, బావ సుత నా దిక్కే!" అన్నాడు.

తెలంగాణ రావడానికి ఇంకా పదేళ్లుందనగా నాయినకు ఊపిరి ఆడటం కష్టమైంది. మెడికల్ బోర్డు ఆయన్ని గని పనికి అన్‌ఫిట్ చేసింది. అట్లా అన్‌ఫిట్ అయిన కార్మికుడి ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇచ్చేవారు. మా వాడల్లో కొడుకు పుట్టినప్పుడే ఆ ఉద్యోగం వాడి పేర రాసి ఉన్నట్టు లెక్క. సరిగ్గా అప్పుడే హైదరాబాదులో అన్న స్నేహితులు ఒక బ్యాండ్ కట్టి, గిటార్‌కు నువ్వు రా అని పిలిచారు. అన్న వెళితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటు క్వార్టరూ ఖాళీ చెయ్యాలి. మేం మంచిర్యాల దగ్గరి జైపూర్ అవతల నాయిన వాళ్ల పల్లెకు చేరాలి. నేనప్పుడు ఇంటర్ రెండో ఏడు. పల్లెకు పోతే నా చదువు అక్కడికి సరి. అన్న అడకత్తెరలో పోకచెక్కయ్యాడు. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికేవాడు. అమ్మ వాడికి కూర రెండుసార్లు వడ్డించేది.

కాగితాల మీద సంతకం సోమవారం పెట్టాలి. ఆదివారం మామ గిటార్‌తో వచ్చి కూర్చున్నాడు. "అల్లుడా, ఇయ్యాల తేల్చేద్దాం. నీ ఏడు గెలిస్తే బావ కాళ్లు పట్టుకునైనా నిన్ను పంపిస్త. నా ఏడు గెలిస్తే నోర్మూసుకోని సంతకం పెట్టు," అన్నాడు. తీర్పు ఎవరు చెప్పాలంటే అన్న నన్ను చూపించాడు. "చెల్లె చెప్తది. పదేండ్లాయె ఇనవట్టి, దానికంటె ఎవలకెరుక?"

మామ మొదట వాయించాడు. పాపం, సగంలో మాటలు మరిచిపోయి చర్చి కీర్తనలోకి జారిపోయాడు. తర్వాత అన్న అందుకున్నాడు. ఆ పాటలో మాటలు నాకు సగం అర్థం కాలేదు గానీ ఒళ్లు జలదరించింది. వంటింట్లో అమ్మ గరిట చప్పుడు ఆగిపోయింది. నాయిన లేచి కూర్చున్నాడు. మామ కళ్లు తుడుచుకుని, తన గిటార్‌ను గోడకు ఆనించేశాడు. ఇంకా చెప్పేదేముంది? ఆయన ఓడిపోయానని ఒప్పుకోవడానికి తయారైపోయాడు. నాకు మాత్రం కాలేజీ బస్సు కనబడుతోంది, జైపూర్ అవతలి పల్లె కనబడుతోంది.

"అరవై తొమ్మిది," అన్నాను.

మామ నా ముఖంలోకి చూసి, "నిజంగనేనా బిడ్డా?" అన్నాడు. నిజంగానే అన్నాను. అన్న మాత్రం నవ్వేసి, "జడ్జి మాటకు తిరుగుంటదా మామా," అని లేచి అన్నానికని చేతులు కడుక్కున్నాడు. మర్నాడు సంతకం పెట్టాడు.

నేను చదువుకున్నాను, టీచర్నయ్యాను. అన్న గనిలో దిగాడు. మూడు షిఫ్టుల మనిషికి ఆదివారమంటే నిద్రే. మామ ఊరుకోలేక అప్పుడప్పుడు గిల్లేవాడు, "ఏమంటవ్ అల్లుడా, తొంభై ఒకటిల ఏమున్నదని?" "నీదే రైట్ మామా," అనేవాడు అన్న, చెయ్యి కంచంలోనే ఉంచి. మామ ముఖం చిన్నబోయేది. నేను లేచి నీళ్ల చెంబు తేవడానికి వెళ్లేదాన్ని. దాహం ఎవరికీ ఉండేది కాదు.

తెలంగాణ వచ్చిన రోజు గోదావరిఖని చౌరస్తాలో డప్పులు, రంగులు. నాయిన బతికుంటే మంచంతో సహా అక్కడికి మోయించుకుని వెళ్లేవాడు. ఫస్ట్ షిఫ్టు దిగి వస్తున్న అన్నను జనం పట్టుకుని రంగులో ముంచారు. ఇద్దరం పక్కనున్న అరుగు మీద కూర్చున్నాం. ఆ సంబరంలో ఏ ధైర్యం వచ్చిందో, "అన్నా, ఆ దినం నేను అబద్ధం చెప్పిన. నీదే గెలిచింది," అన్నాను. చెబుతూనే ఏడ్చాను కూడా.

అన్న కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "నాకెరుకనే. నువ్వు ఏడ్చే ముచ్చటేం లేదు. పాట అయిపోయినంక నాకెంత భయమైందో ఎరుకనా? నువ్వు నిజం చెప్తవేమోనని."

ఆ మాట నిజమో, నా బరువు దించడానికి అన్నాడో తేల్చుకోలేక, ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఇన్నేళ్లూ నేను తీర్పు చెప్పిన ఆ ఆదివారం మధ్యాహ్నంలోనే కూర్చుని ఉన్నాను.