అందరికీ తెరిచిన ఫోల్డరు

మొన్న ఉస్మాన్‌గంజ్ దాటుతుండగా ఆటోలోకి ఎండుమిర్చి ఘాటు వచ్చింది. వరసగా మూడు తుమ్ములు తుమ్మాను. డ్రైవరు అద్దంలోంచి చూసి, "చున్నీ అడ్డం పెట్టుకో అక్కా" అన్నాడు. పెట్టుకోలేదు. ఆ ఘాటులోనే నేను ఆరేళ్లు పనిచేశాను. మిర్చి బస్తాల దుకాణం పైన రెండు గదుల ఆఫీసు, అందులో జహీర్ సాబ్. టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాక, ఇంట్లో ఊరికే కూర్చోలేక, చిన్న సంస్థలకు వెబ్‌సైట్లు చేసిపెట్టే పని మొదలుపెట్టిన మనిషి. కంప్యూటర్‌లో ఏ ఎర్రర్ కనిపించినా ముందు దాన్ని అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాసుకునేవారు. "చదివినం అనుకుంటం బేటా, చదవం. రాస్తెనే చదువుతం" అనేవారు.

ఆయన దగ్గరికి వెళ్లేనాటికి నాకు డిగ్రీ ఉంది, కంప్యూటర్ కోర్సు ఉంది, గొంతు పెగలక ఇంటర్వ్యూల్లో పోగొట్టుకున్న ఉద్యోగాలు కూడా కొన్ని ఉన్నాయి. జహీర్ సాబ్ ప్రశ్నలేమీ అడగలేదు. పనిచేయని ఒక పేజీ నా ముందు పెట్టి, "చూడు. సమజ్ కాకుంటే కాలేదని చెప్పు. నాకు గదే కావాలె" అన్నారు. సాయంత్రం దాకా కూర్చుని, సగమే అర్థమైందని చెప్పాను. మర్నాటి నుంచి పనిలోకి రమ్మన్నారు.

రెండో ఏడు కిషన్‌బాగ్‌లో ఒక ధర్మాసుపత్రికి వెబ్‌సైటు చేశాం. ల్యాబ్‌వాళ్లు పరీక్షల రిపోర్టులు అందులోకి ఎక్కిస్తే, డాక్టరమ్మ తన గదిలో చూసుకునేది. ఫైళ్లు పెరిగి పాత కంప్యూటర్‌లో చోటు చాలకపోవడంతో, వాటిని కొత్తగా కొన్న స్టోరేజీ పెట్టెలోకి మార్చాం. వెబ్‌సైటు ఒక యంత్రంలో, ఫైళ్లు ఇంకో పెట్టెలో, రెంటికీ మధ్య నెట్‌వర్క్ వైరు. మార్చిన మర్నాడు పొద్దున ఒక్క రిపోర్టూ ఎక్కలేదు, ఒక్కటీ తెరుచుకోలేదు. తెర మీద ఒకటే మాట: పర్మిషన్ డినైడ్.

ఆ రోజు జహీర్ సాబ్ కంటి పరీక్షకు వెళ్లారు. ఆసుపత్రిలో నేనొక్కదాన్నే ఉన్నాను. వరండా నిండా రోగులు. చీటీలు రాసే పుష్పక్క రెండుసార్లు వచ్చి, "ఇంకెంతసేపు అనితా? జనం లొల్లి చేస్తున్నరు" అంది. సర్వర్‌లో అన్ని అధికారాలూ ఉన్న రూట్ యూజర్‌గా వెళ్లి ఫైళ్ల అనుమతులు మార్చబోయాను. అదీ కుదరలేదు. చివరికి స్టోరేజీ పెట్టె సెట్టింగుల్లోకి వెళ్లి, రిపోర్టుల ఫోల్డరును అందరికీ తెరిచేశాను. వెంటనే అంతా నడిచింది. కాసేపటికి పుష్పక్క నాకు చాయ్ తెప్పించింది. నేనేదో సాధించాననుకున్నాను.

మధ్యాహ్నం జహీర్ సాబ్ నల్ల కళ్లద్దాలతోనే నేరుగా ఆసుపత్రికి వచ్చారు. ఏం చేశానో చెప్పాను. కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, "నువ్వు మీ ఇంట్ల పెద్దదానివే అనుకో. పక్కింటోళ్ల వంటింట్లకు పోయి డబ్బా మూత తీస్తవా? ఈ సర్వర్‌ల రూట్ పెద్దోడు. గా పెట్టెకాడ వాడెవడో ఎవరికీ తెల్వదు" అన్నారు. తర్వాత కాగితం తీసి రెండు నంబర్లు రాశారు. స్టోరేజీ పెట్టె మనిషిని పేరుతో కాదు, నంబరుతో గుర్తుపడుతుంది. ఇక్కడ మా వెబ్‌సైటు ఒక నంబరుతో పనిచేస్తోంది, అక్కడ ఫోల్డరు ఇంకో నంబరు పేర ఉంది. నా చేతే ఆ పెట్టెలో వెబ్‌సైటు నంబరుతోనే ఒక యూజర్‌ను చేయించి, రిపోర్టుల ఫోల్డరును అతనొక్కడికే ఇప్పించి, నేను తెరిచిందంతా మూయించారు. పది నిమిషాల పని.

"ఇప్పుడు చెప్పు. పొద్దుగాల నుంచి అందరికీ తెరిచి పెట్టినవ్ కదా, అందరంటే ఎవరు?" అని అడిగారు. ఆసుపత్రిలో ఏ కంప్యూటర్ నుంచైనా ఎవరి జబ్బయినా చదవొచ్చని అప్పుడు వెలిగింది. ఎవరు ఏది తెరిచారో పెట్టె రాసిపెట్టిన జాబితా చూశాం. చీటీల టేబుల్ దగ్గరి కంప్యూటర్‌లో ఒకే ఒక్క రిపోర్టు తెరుచుకుంది. దాని మీద పేరు పుష్పక్కదే.

"డాక్టరమ్మకు చెప్పాలె. పద, నేనొస్త" అన్నారు జహీర్ సాబ్. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. డాక్టరమ్మ ముందు ఆయన, "తప్పు మా ఆఫీసుది" అని మొదలుపెడుతుంటే, ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, నా గొంతు పెగిలింది: "నేనే చేసిన మేడం." ఆమె అంతా విని పుష్పక్కను పిలిపించింది.

పుష్పక్క వస్తూనే ఏడ్చేసింది. "రొమ్ముల గడ్డకు పరీక్ష చేసిన్రు కదమ్మా. వారం సంది మీ ముంగట నిలవడి అడగలేక పోతున్న. ఫోల్డర్ కనవడ్డది, తెరిచిన. ఏందో పెద్ద పేరుంది. ఇగ నా పనైపోయినట్టే అనుకున్న." జాబితాలోని టైము ప్రకారం, నాకు చాయ్ తెప్పించేటప్పటికే ఆమె అది చదివి ఉంది. డాక్టరమ్మ లేచి వచ్చి పుష్పక్క పక్కన కూర్చుంది. "అది కేన్సర్ కాదు పుష్పా. ప్రమాదం లేని గడ్డ. ఈ రోజే చెప్దామనుకున్నా, పొద్దున రిపోర్టు తెరుచుకోక ఆగిపోయింది" అంది. పుష్పక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఈసారి ఇంకా గట్టిగా ఏడ్చింది. జహీర్ సాబ్ కిటికీ వైపు తిరిగి నల్ల కళ్లద్దాలు తుడుచుకున్నారు.

మెట్లు దిగుతూ ఆయన అన్నారు: "మనం తాళాల గురించే ఫికర్ చేసినం బేటా. తన కాగితం తాను చూసుకోనీకి ఆమెకు ఒక్క దర్వాజా గూడ పెట్టలే." ఆ నెలంతా ఆ పనే చేశాం. డాక్టరమ్మ రోగితో మాట్లాడి విషయం చెప్పాక, ఆ రోగి తన రిపోర్టును తన ఫోన్‌లో తానే చూసుకునే ఏర్పాటు. అర్థం కాని పెద్ద పేర్ల కింద తెలుగులో, ఉర్దూలో ఒక్కో వాక్యం. ఆ తెలుగు వాక్యాలన్నీ పుష్పక్కకు చదివి వినిపించి, ఆమె తలూపాకే పెట్టాం.

జహీర్ సాబ్ పోయి మూడేళ్లయింది. నేనిప్పుడు పదిమంది ఉన్న జట్టును నడుపుతున్నాను. ఎక్కడైనా పని ఆగిపోయి, అన్నీ తెరిచేద్దామని ఎవరైనా అంటే, అందరంటే ఎవరెవరో పేర్లు రాయమంటాను. రాస్తున్నప్పుడు, ఆ జాబితాలో ఉండాల్సి ఉండీ మనం మరిచిపోయిన మనిషి ఎవరో ఒకరు దాదాపు ప్రతిసారీ గుర్తొస్తారు. ముందు ఆ పేరే రాయిస్తాను.